గంటు లేని గుర్తు

బార్రా నోవా
3 ఫిబ్రవరి 2013

అక్కా,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. అబద్ధం రాయడం నాకు చేతకాదు కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను. సెప్టెంబరు నుంచి పసిపిల్లల ఇల్లు మూసేస్తున్నారు.

అవును, మన పసిపిల్లల ఇల్లే. నువ్వూ నేనూ పాకిన గచ్చు. ఫ్యాక్టరీ సైరన్ మోగగానే అమ్మ మనల్ని దింపేసి పరిగెత్తిన గుమ్మం. ఇద్దరు ఆయాలకి జీతం ఇవ్వలేమంటోంది మున్సిపాలిటీ. ఆ ఇద్దరూ లేకపోతే నడపడానికి రూల్సు ఒప్పుకోవు. ముప్ఫై ఏళ్ళుగా దాన్ని నడుపుతున్న కుస్తోదియా మీటింగులో ఒక్క మాట అనలేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, దాని గొళ్ళెం తీస్తూ వేస్తూ కూర్చుంది.

నేను మాట్లాడాను. మాట్లాడకపోతే నాకు జ్వరమొచ్చిందనుకుంటారు ఊళ్ళో. సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీ రెండు షిఫ్టులు నడుస్తోంది కదా, దాని లాభం మీద ఊరికి రావాల్సిన వాటా ఏదయ్యా అని అడిగాను. మేయరు ఒక కాగితం తీశాడు. లాభం సున్నా. ఏడేళ్ళుగా సున్నా. రెండొందల పదిమంది ఆడవాళ్ళు నిలబడి చేపల తలలు తుంచుతుంటే సున్నా ఎలా వస్తుంది? అదే కాగితంలో కింద, చీమ కాళ్ళంత అక్షరాల్లో ఉంది జవాబు: గుర్తు వాడుకున్నందుకు అద్దె, పద్నాలుగు లక్షల యూరోలు. ఎవరికి? లక్సెంబర్గ్‌లో సార్దిమార్క్ అనే కంపెనీకి. అదెవరిది? ఫ్యాక్టరీని కొన్న పెద్ద కంపెనీదే. కుడి జేబులోంచి తీసి ఎడమ జేబుకి అద్దె కడుతున్నాడు, ఆ ఎడమ జేబు పన్ను లేని దేశంలో కుట్టించుకున్నాడు.

ఏ గుర్తుకి అద్దెనుకున్నావు? డబ్బా మూత మీది గుర్తుకి. నిలువు గీత, దాని నెత్తిన నెలవంక. ముత్తాత పడవకి చెక్కిన గుర్తు, నాన్న సమాధి మీద ఉన్న గుర్తు. మన గుర్తు.

ఇంకో తమాషా చూడు. లాభం ఎక్కువ వచ్చిన ఏడాది అద్దె పెరిగింది, చేపలు పడని ఏడాది తగ్గింది. ఎప్పుడూ సరిగ్గా లాభమంతే. నీ జేబులో ఎంత మిగిలిందో చెప్పు, అంతే అద్దె ఇద్దువుగాని అనే ఇంటి ఓనర్ని నువ్వెక్కడైనా చూశావా? ఇది అద్దె కాదు, జేబు కొట్టడం. మేయరుతో అదే అన్నాను. "బెల్మిరో, ఇది అంతర్జాతీయ విషయం, నీకర్థం కాదు" అన్నాడు. నాకర్థమైంది కాబట్టే ఆయన చెమటలు తుడుచుకుంటున్నాడు.

నువ్వా ఊళ్ళో ముప్ఫై నాలుగేళ్ళ నుంచి ఉన్నావు. అడ్రసు ఇస్తున్నాను: ఓర్జెవాల్ వీధి, పదకొండో నంబరు, మూడో అంతస్తు. ఒకసారి వెళ్ళి, మన గుర్తు మీద కూర్చుని తింటున్నది ఎవరో చూసి రా.

నీ తమ్ముడు
బెల్మిరో

(కింద మన గుర్తు గీశాను, గంటు లేకుండా. నీకు కుళ్ళు పుట్టాలని.)


లక్సెంబర్గ్
20 ఫిబ్రవరి 2013

ఒరేయ్ బెల్మిరో,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. కూర్చుంటే మోకాళ్ళు మళ్ళీ లేవనంటాయి. ఆఫీసు గదులు తుడిచి తుడిచి నాకు మిగిలింది ఆ నొప్పే.

పసిపిల్లల ఇల్లు మూసేస్తారంటే ఆ రోజంతా నా చెవుల్లో సైరన్లే. అప్పట్లో నాలుగు ఫ్యాక్టరీలు, నాలుగు సైరన్లు. మనది రెండు పొడుగు, ఒక పొట్టి, జలుబు చేసిన గాడిద అరిచినట్టు ఉండేది. పడవలు ఎప్పుడొస్తే అప్పుడే పని. అమ్మ మొక్కజొన్న పిండి పిసుకుతూ పిసుకుతూ వదిలేసి, ఆ పిండి చేతులతోనే నిన్ను చంకనేసుకుని, నన్ను జుట్టు పట్టుకుని లాక్కెళ్ళేది. చెయ్యి పట్టుకోవచ్చు కదా అంటే, చెయ్యి జారుతుందే అనేది.

అక్కడ గోడకి చెక్క మేకుల వరస గుర్తుందా? అమ్మలెవరికీ చదువు రాదు కదా, అందుకని పేర్లు రాయకుండా ప్రతి మేకు పైనా ఆ ఇంటి గుర్తు చెక్కేవారు. నా కోటు నా మేకుకి. రెండేళ్ళప్పుడు నా మేకు మీద ఉన్నది గంటు లేని గుర్తే. అప్పటికి నేనొక్కదాన్నేగా. నువ్వు పుట్టిన రోజు నాన్న పడవ దిగి, నిన్ను చూడ్డానికి ఇంటికి పోకుండా, ముందు పసిపిల్లల ఇంటికొచ్చాడు. చాకు తీసి నా గుర్తు కాలి దగ్గర ఒక గంటు పెట్టాడు. నేను ఏడ్చాను. పెద్దదానికి గంటు, చిన్నోడికి బోడి గుర్తు, ఆఖరి బిడ్డే కదమ్మా ఇల్లూ పడవా చూసుకునేది, అని సముదాయించాడు. అప్పట్నుంచీ నేను గంటుదాన్ని, నువ్వు బోడోడివి. ఇప్పుడు నెత్తి కూడా బోడే అని కుస్తోదియా చెప్పింది.

ఈ మధ్య కలలో చేపల వాసన వస్తోంది. చిన్నప్పుడు బడిలో ఆ వాసనకి సిగ్గుపడి చచ్చేదాన్ని. ఇప్పుడు దానికోసం డబ్బా మూత తీసి, తినకుండా వాసన చూసి, మళ్ళీ పెడతాను. పిచ్చిదాన్నయ్యాను అనుకో.

నువ్వడిగిన వీధి నాకు పని ఉండే వైపు కాదు. వీలు చూసుకుంటాను.

అక్క
ఎర్మెలిందా


బార్రా నోవా
11 మార్చి 2013

అక్కా,

సైరన్ గురించి రెండు పేజీలు, నేనడిగిన అడ్రసు గురించి రెండు వాక్యాలు. నాకు తూకం తెలుసు, చేపలోళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి.

జ్ఞాపకాలు నాకూ ఉన్నాయి. నావి కోపంగా ఉంటాయి, అంతే తేడా. నీకు గుర్తున్నదంతా వాసన, చప్పుడు. నాకు గుర్తున్నది నాన్న పదేపదే చెప్పిన మాట. 1957లో అప్పటి ఓనరు అబీలియో, నాన్న దగ్గరకొచ్చి, జెఫెరీనో, నీ గుర్తు నా డబ్బా మీద వేసుకుంటానయ్యా, నీ పడవంటే జనానికి నమ్మకం, ఎంతిమ్మంటావు అని అడిగాడు. పైసా వద్దన్నాడు నాన్న. "సైరన్ మోగితే మా ఆడాళ్ళు పిల్లల్ని ఎక్కడ పెడతారో అది చూడు." ఆ మాట మీద కట్టిందే పసిపిల్లల ఇల్లు. కాగితం లేదు, సంతకం లేదు, చేతిలో చెయ్యి. తర్వాత దాన్ని ఊరికి రాసిచ్చాడు అబీలియో. అంటే మన గుర్తుకి అసలు అద్దె ఆ ఇల్లే. వీళ్ళు గుర్తు ఉంచుకుని, అద్దె ఎగ్గొట్టి, పైగా ఆ గుర్తు పేరు చెప్పి ఊరి పన్ను కూడా మింగుతున్నారు. ఆ పన్నులో ఊరి వాటా ఎంతో లెక్క కట్టించాను. ఏడాదికి ఇరవై ఒక్క వేలు. సరిగ్గా ఇద్దరు ఆయాలు.

రేవులో చేపల వేలానికి వెళ్ళి చూడు. ప్రతి పెట్టె నేల మీద, అందరి ముందు. ఎవడి పడవ, ఎంత బరువు, ఎంత ధర, గట్టిగా అరిచి చెప్తారు. ఒక్క పెట్టె దాచినవాణ్ణి రేవులో ఎవడూ పలకరించడు. చదువురాని పడవవాడికి ఈ నియమం ఉంటే, సూటు వేసుకున్నవాడికి ఎందుకు లేదు? ఏ దేశంలో ఎంత అమ్మావు, ఎంతమంది పనివాళ్ళున్నారు, ఎంత పన్ను కట్టావు, ఒక కాగితం మీద రాసి గోడకి అంటించరా అంటే, వ్యాపార రహస్యం అంటారు. లాభానికి రహస్యం, నష్టానికి మాత్రం మీటింగులో మైకు.

పోరాడి పోట్లాడి జిల్లా పన్నుల ఆఫీసుకి వెళ్ళాను. ఫిలొమేనా అని ఒక ఇన్‌స్పెక్టరమ్మ. మన అమ్మలాగా ముక్కుసూటి మనిషి. అంతా విని, "కాగితాలు సక్రమంగా ఉన్నాయండీ, నేను చెయ్యగలిగింది లేదు. కాకపోతే ఒకటి. ఫ్యాక్టరీవాళ్ళు డబ్బు కడుతున్నది దేనికో అది వాళ్ళకి అసలు అందడం లేదని చూపిస్తే కథ వేరు. అక్కడ లక్సెంబర్గ్ కంపెనీ దగ్గర ఉన్నది ఖచ్చితంగా ఏమిటో తెచ్చి చూపించండి" అంది.

అందుకే అడుగుతున్నాను. ఓర్జెవాల్ వీధి, పదకొండు. నీ మోకాళ్ళకి బస్సు ఉంది.

బెల్మిరో


లక్సెంబర్గ్
7 ఏప్రిల్ 2013

తమ్ముడూ,

ఈస్టరు వెళ్ళేదాకా ఆగాను. పండగ పూట నిన్ను బాధపెట్టకూడదని. నన్ను నేను బాధపెట్టుకోకూడదని కూడా కావచ్చు.

ఆ వీధి నాకు పని ఉండే వైపు కాదని రాశాను కదా. ఆ బిల్డింగే నాకు పని. ప్రతి మంగళవారం, శుక్రవారం నేను తుడిచేది దాన్నే.

మూడో అంతస్తులో కారిడార్ పొడుగునా ఇత్తడి పలకలు, నలభై మూడు. ఒక్కొక్కటి ఒక కంపెనీ. నలభై మూడు కంపెనీలకీ కలిపి ఒక గది, ఆ గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ప్లాస్టిక్ మొక్క. కుర్చీలో ఎవరైనా కూర్చోగా నేను చూడలేదు. క్యాలెండర్ కాగితం తిప్పేది నేనే. ఆ మొక్క ఆకులు తుడిచేదీ నేనే. ఒక్కోసారి నాకే అనిపించేది, ఈ నలభై మూడు కంపెనీలలో పనిచేస్తున్నది నేనొక్కదాన్నేనేమో అని.

పదిహేడో పలక మీద మన గుర్తుంది. పేరు చిన్నగా, గుర్తు పెద్దగా. ఆరేళ్ళ నుంచి తుడుస్తున్నాను. మొదటిసారి చూసినప్పుడు బకెట్ కింద పెట్టి అక్కడే నిలబడిపోయాను. ఇంత దూరం వచ్చి నేను గదులు తుడుస్తుంటే, మన గుర్తు నాకంటే ముందే వచ్చి, ఇత్తడి మీద ఎక్కి కూర్చుందిరా అనుకున్నాను. మన ఊరిని గౌరవించి పెట్టారనుకున్నాను. మిగతా పలకలకి ఒక్క తుడుపు, దానికి రెండు. అయ్యాక వేళ్ళు ముద్దుపెట్టుకుని దాన్ని తాకేదాన్ని, అమ్మ గుడి గుమ్మం తాకినట్టు.

నాకు పింఛనుకి ఇంకా రెండేళ్ళుంది. మా సూపర్‌వైజరు రొజేరియు మంచివాడే, కానీ భయస్థుడు. ఆ గదిలో కాగితం ముట్టుకుంటే ఆ రోజే ఇంటికి. ఇది కూడా నీకు తెలియాలి.

ఇక తిట్టు.

ఎర్మెలిందా


బార్రా నోవా
16 ఏప్రిల్ 2013

ఎర్మెలిందా,

ఊళ్ళో పిల్లలకి గూడు పోతోంటే, నువ్వు దొంగల తలుపు పలకకి రెండు తుడుపులు వేస్తున్నావు. పైగా ముద్దులు. నాన్న బతికుంటే ఏమనేవాడో నేను రాయను, నీకే తెలుసు.

ఆ పలక మీద ఏముందో, వాళ్ళ దగ్గర ఉన్న గుర్తు హక్కు ఏమిటో, నంబరుతో సహా పంపు. పంపేదాకా ఉత్తరం రాయకు. జూన్‌లో సెయింట్ జాన్ పండక్కి వస్తానన్నావు, రానక్కరలేదు.

బెల్మిరో


లక్సెంబర్గ్
26 జూన్ 2013

తమ్ముడూ,

రానక్కరలేదన్నావు, రాలేదు. మొన్న పండగకి మన ఊళ్ళోలాగే కిటికీలో సబ్జా మొక్క కుండీ పెట్టుకుని, బాల్కనీలో నాలుగు సార్డీన్లు కాల్చాను. పై అంతస్తావిడ కిందికొచ్చి పొగ అని పోట్లాడింది. ఒక చేప ఇచ్చాను. తిని, ముళ్ళు ఎక్కువన్నది. మనుషులకీ ఉంటాయమ్మా అన్నాను.

నీ ఉత్తరం రెండు నెలలు నా ఏప్రాన్ జేబులో ఉంది. దాన్ని పెట్టుకుని నలభై మూడు పలకలు తుడిచాను. నువ్వు తిట్టిన తిట్టు తక్కువని నీకు తెలియదు. ఎందుకంటే నేను నీకు సగమే చెప్పాను.

2006లో ఇక్కడ మన వాళ్ళ క్లబ్బుకి ఒక పెద్దమనిషి వచ్చాడు. మెత్తటి మాటలు, మన భాషే. బార్రా నోవా డబ్బా చరిత్ర రాస్తున్నామమ్మా, జెఫెరీనో గారి పెద్దబిడ్డ మీరే కదా, మీ కుటుంబానికి అభ్యంతరం లేదని ఒక సంతకం కావాలి అన్నాడు. డబ్బా మీద ముద్ర అరిగి సరిగ్గా కనబడటం లేదు, ఒక తెల్లకాగితం మీద మీ ఇంటి గుర్తు శుభ్రంగా గీసి ఇవ్వండి అన్నాడు. మన ఇంటి గుర్తు గీసి ఇవ్వమని నన్నడిగిన మనిషి అప్పటిదాకా ఒక్కడు లేడు. ఈ ఊళ్ళో నన్ను ఎవరూ ఏదీ అడగరు, ఇది తుడువు, అది తుడువు అంటారు. స్కేలు తెప్పించుకుని మరీ గీశాను. సంతకం పెట్టాను. ఒక బుట్టెడు డబ్బాలు, రెండొందల యూరోలు ఇచ్చాడు. ఆ డబ్బుతోనే నీ చేతి గడియారం కొన్నాను. ఇప్పుడు టైము చూసుకో.

పోయిన శుక్రవారం ధైర్యం చేశాను. గదిలో కాగితం ముట్టుకోలేదు, అది నా వల్ల కాదు. చిన్నప్పుడు పడవల మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది గుర్తులు దొంగిలించేవాళ్ళం కదా, అలా పలక మీద కాగితం పెట్టి రుద్దాను. కింద రిజిస్టరు నంబరు కూడా వచ్చింది. పంపుతున్నాను.

రుద్దుతుంటే వేలికి తగిలిందిరా. గుర్తు కాలి దగ్గర గంటు. ఆరేళ్ళు గుడ్డతో తుడిచాను, వేలితో తాకాను, గంటు ఉండటం నాకెంత మామూలంటే చూసుకోనేలేదు. నాది నేను గీశాను కదా. నీ బోడి గుర్తు నేను గీస్తే దొంగతనమవుతుందని, చేతికొచ్చిన నా గుర్తే గీశాను. వాళ్ళు అదే తీసుకెళ్ళి ఇత్తడి మీద చెక్కించారు. నాన్న గుర్తు పక్కన పెట్టి నా గుర్తు ఎక్కించుకున్నదాన్నయ్యాను, నాకే తెలియకుండా. అమ్మిందీ నేనే, చెడగొట్టిందీ నేనే.

ఎర్మెలిందా


బార్రా నోవా
9 జులై 2013

అక్కా, ఓ నా పిచ్చి అక్కా,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి కాగితం కిటికీకి పెట్టి చూశాను, వంటింట్లోంచి ఒక డబ్బా తెచ్చి పక్కన పెట్టాను. డబ్బా మీద గంటు లేదు. ఉండదు. ఫ్యాక్టరీలో ఆ మూత అచ్చు ఇరవై రెండేళ్ళు చూసుకున్నది నేను. నాన్న ఇచ్చిన గుర్తుకి వెంట్రుకంత గీత కూడా చేరనివ్వలేదు.

అర్థమైందా? నీకు కాలేదు, నువ్వు ఏడుస్తూ కూర్చుని ఉంటావు. వాళ్ళ దగ్గర ఉన్నది గంటున్న గుర్తు. ఫ్యాక్టరీ వాడుతున్నది గంటు లేని గుర్తు. ఏడేళ్ళుగా డబ్బా మీద లేని గుర్తుకి అద్దె కడుతున్నారు. పక్కింటికి అద్దె కట్టి మన ఇంట్లో కాపురం ఉంటున్నారు.

బస్సెక్కి ఫిలొమేనా దగ్గరికి వెళ్ళాను. ఆమె నంబరు వేసి రిజిస్టరు తీయించింది. అందులోనూ గంటే. రెండూ పక్కపక్కన పెట్టుకుని కళ్ళజోడు సవరించుకుంది.

"ఈ చిన్న గీతేనాండీ తేడా?"

"గీత కాదమ్మా, వేరే ఇల్లు."

"వకీళ్ళు గీరు పడిందంటారు."

"అయితే మీరు బార్రా నోవా రండి."

వచ్చింది. మేయరు ఆఫీసుకి కాదు, పసిపిల్లల ఇంటికి తీసుకెళ్ళాను. కుస్తోదియా తలుపు తీసి, చెప్పులు విప్పమ్మా పిల్లలు పడుకున్నారు అంది. ఇన్‌స్పెక్టరు విప్పింది. గోడకి మేకులు అలాగే ఉన్నాయక్కా. నలభై ఏడు. నీది పైవరసలో, నాది దాని పక్కన. కుస్తోదియా ఒక్కొక్క మేకూ చూపిస్తూ చదువుకుపోయింది, ఇది ఫలానా వాళ్ళ పెద్దాడు, ఇది రెండోది, రెండు గంట్లు చూడండి, ఇది ఆఖరిది, బోడి. మీటింగులో నోరు విప్పని మనిషి నలభై నిమిషాలు ఆగలేదు. గంటు తేడాతో ఒకరి పడవ ఇంకొకరు ముట్టుకుంటే కొట్టుకునేవాళ్ళమమ్మా అంది. ఫిలొమేనా ప్రతి మేకూ ఫొటో తీసింది. నీ మేకు దగ్గర ఆగింది. గుర్తు మీద రంగు ఉంది, గంటులో లేదు. ఈ గంటు తర్వాత పెట్టినట్టుందే అంది. నేను పుట్టిన రోజు పెట్టారండీ అన్నాను.

ఇప్పుడు అడగడానికి నోరు రావడం లేదు. నోరు రాకపోవడం నాకు కొత్త. ఆ బొమ్మ గీసింది నేనే, అది నాన్న గుర్తు కాదు, నా గుర్తు అని నువ్వు ప్రమాణం మీద చెప్పాలిట. చెప్తే నీ పేరు కంపెనీకి తెలుస్తుంది. నీ పింఛనుకి రెండేళ్ళుందన్న సంగతి నాకు గుర్తుంది. నువ్వు వద్దంటే వద్దు. ఏప్రిల్లో రాసిన ఉత్తరం పొయ్యిలో వెయ్యి.

గడియారం తీసేద్దామనుకున్నాను. తియ్యలేదు. టైము బాగానే చూపిస్తోంది.

నీ తమ్ముడు
బెల్మిరో


లక్సెంబర్గ్
19 సెప్టెంబరు 2013

తమ్ముడూ,

నోటరీ దగ్గర చెప్పేశాను. ఆయన చాలా మర్యాదగా, అమ్మా మీరు చిత్రకారిణా అని అడిగాడు. కాదు బాబూ, పెద్దకూతుర్ని అన్నాను. అలాగే రాసుకున్నాడు. ముద్ర వేసిన కాగితం దీనితో పంపుతున్నాను.

కంపెనీకి తెలిసింది. రొజేరియు నా ముందు నిలబడి బూట్లు చూసుకుంటూ చెప్పాడు, ఓర్జెవాల్ వీధి ఇంక నీకు లేదు, ఇకనుంచి ఆస్పత్రి వైపు బిల్డింగ్, సగం గంటలే అని. సగం గంటలంటే సగం జీతం, పింఛను కూడా ఆ మేరకు తగ్గుతుంది. నన్ను తిట్టుకోకు అక్కా అన్నాడు. వాడూ మన వైపు వాడే, ఇద్దరు పిల్లలు. తిట్టుకోలేదు.

ఆఖరి రోజు నలభై రెండు పలకలూ రెండేసి తుడుపులు తుడిచాను. పదిహేడోది వదిలేశాను. ప్లాస్టిక్ మొక్కని వదల్లేకపోయాను. దాని తప్పేముంది.

ఏప్రిల్ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు. నువ్వు పెద్దాడివయ్యాక ఏడిపించడానికి పనికొస్తుంది.

ఎర్మెలిందా


బార్రా నోవా
2 మార్చి 2014

అక్కా,

గెలిచామని రాయాలని పెన్ను పట్టుకున్నాను. అబద్ధం రాయడం నాకు చేతకాదని నీకు మొదట్లోనే చెప్పాను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

పన్నులవాళ్ళు వెనక్కి నాలుగేళ్ళే వెళ్ళగలరట. ఆ నాలుగేళ్ళ అద్దె ఖర్చు కిందకి రాదు, లాభమే, పన్ను కట్టమని రాసింది ఫిలొమేనా. కంపెనీ కోర్టుకెళ్ళింది. సన్న గీత, చూసేవాడి కంటికి రెండూ ఒకటే అని వాళ్ళ వకీలు వాదన. ఆ వాదన నడుస్తుండగానే ఏం చేశారో చూడు. జనవరిలో మూత అచ్చు మార్చేశారు. కొత్త డబ్బాల మీద గంటు పెట్టారు. రెండూ ఒకటే అయితే అచ్చు ఎందుకు మార్చావురా అని ఇప్పుడు ఫిలొమేనా కోర్టులో అడుగుతోంది. ఎంత చదువుకున్న దొంగైనా పారిపోయేటప్పుడు చెప్పు వదిలేస్తాడు.

కాబట్టి పాత డబ్బు సగం వస్తుందేమో. ఇక ముందు సంగతి, మళ్ళీ అదే అద్దె, అదే ఎడమ జేబు. ఈసారి గుర్తు సరైనదే. గోడకి కాగితం అంటించమని చట్టం వచ్చేదాకా వీళ్ళు ఇలాగే ఒక గంటు దూరంలో ఉంటారు. నేను ప్రతి మీటింగుకీ వెళ్తున్నాను. మేయరు ఇప్పుడు నన్ను చూడగానే ముందే నీళ్ళు తాగుతున్నాడు. కోర్టు తేలేదాకా పసిపిల్లల ఇల్లు మూసేది లేదని తీర్మానం మాత్రం చేయించాం. ఇద్దరు ఆయాలూ ఉన్నారు. ఈ ఏడాదికి ఉన్నారు.

ఊళ్ళో ప్రతి కొట్లోనూ ఇప్పుడు నీ గుర్తే అక్కా. డబ్బా మూత మీద గంటుతో సహా. నువ్వు అక్కడ కొట్లో చూసి ఏడుస్తావేమో, వద్దు. నాకు మొదట ఒళ్ళు మండింది. తర్వాత తట్టింది. వాళ్ళు తీసుకెళ్ళింది నీ గుర్తయితే, నాన్న గుర్తు వాళ్ళ దగ్గర లేదు. డబ్బా మీదా లేదు. యాభై ఏడేళ్ళ తర్వాత అది ఇంటికొచ్చింది.

మొన్న సోమవారం కుస్తోదియా పిలిస్తే మేకులు బిగించడానికి వెళ్ళాను. మాల్డోవా నుంచి వచ్చిన ఒకమ్మాయి, ఫ్యాక్టరీలో కొత్తగా చేరింది, పాపని దింపడానికి వచ్చింది. పాపకి రెండేళ్ళు. కోటు పట్టుకుని మేకుల ముందు నిలబడిపోయింది ఆ తల్లి. వాళ్ళకి గుర్తు లేదు కదా. కుస్తోదియా నా వంక చూసింది. నా మేకు ఖాళీగానే ఉంది, నాకు పిల్లల్లేరని నీకు తెలుసు, ఆఖరివాడితో ఆగిపోయిన గుర్తు అది. కోటు తీసుకుని దానికి తగిలించాను. ఇది ఇంకనుంచి పాపది అని చెప్పాను. దీనికి ఏమైనా కట్టాలా అని అడిగింది ఆ అమ్మాయి, పర్సు తీస్తూ.

"ఏమీ వద్దమ్మా. సైరన్ మోగేలోపు నువ్వెళ్ళు."

నీ కోటు మేకు దాని పక్కనే ఉంది. దాన్ని ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను. కుస్తోదియాకి జూన్ నుంచి ఒక మనిషి సాయం కావాలిట, సగం గంటలు, సగం జీతం. నీకు అలవాటేగా.

ఈ ఉత్తరం కింద గుర్తు గియ్యడం లేదు. అది ఇప్పుడు నాది కాదు. ఉత్త పేరే రాస్తున్నాను.

బెల్మిరో